పిల్లికున్న పలుకుబడి

ఈ దేశంలో ప్రతి ఇంటి యజమాని చేతా పిల్లి డిటెక్టివ్ నవలలు చదివించాలి. మంచి మాటతో వినకపోతే చట్టం చేసి చదివించాలి. చదవనివాళ్ల రేషన్ కార్డు రద్దు చేసినా నాకు అభ్యంతరం లేదు!

నవ్వకండి. యాభై దాటిన మనిషిని, తిరుపతిలో నలుగురూ 'గిరిప్రసాద్ గారు' అని పిలిచే మనిషిని, ఊరికే అంటానా?

ముందుగా ఈ నవలలంటే ఏమిటో తెలియని దురదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ఇవి ఇంగ్లిషులో ఉంటాయి. అట్ట మీద తప్పనిసరిగా ఒక పిల్లి ఉంటుంది. దాని పక్కన ఒక టీ కప్పో, ఊలు ఉండో, కేకు ముక్కో ఉంటుంది. ఎక్కడో ఒక మూల, ఎవరి మనసూ నొప్పించకుండా, ఒక చిన్న కత్తి ఉంటుంది. కథ జరిగేది బుల్లి ఊళ్లో. అక్కడ ఒకావిడ బేకరీ నడుపుతుంటుంది. మూడో పేజీ తిప్పేసరికి ఎవరో ఒకరు చచ్చిపోతారు. చచ్చేది ఊళ్లో ఎవరికీ పడని మనిషే కాబట్టి మనకు ఏడుపు రాదు. రక్తం అసలే రాదు.

ఇక బేకరీ ఆవిడ ఓవెన్ ఆపేసి దర్యాప్తుకు దిగుతుంది. ఇన్‌స్పెక్టరు అందగాడే కానీ బుర్ర కాస్త నెమ్మది. అందుకని ఫైలు చంకలో పెట్టుకుని ఆవిడ దగ్గరికే వచ్చి, కేకు తింటూ, సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పి వెళతాడు. మనం ఎప్పుడైనా సెల్‌ఫోన్ పోయిందని స్టేషన్‌కు వెళితే కేకు సంగతి సరే, కుర్చీ చూపిస్తారా?

అసలు పనంతా పిల్లిది. అది హంతకుడి బూట్ల మీదే పోయి పడుకుంటుంది. వీలునామా ఏ సొరుగులో ఉందో ఆ సొరుగునే గీరుతుంది. చివరి అధ్యాయంలో ఆవిడ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, 'నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడు' అంటుంది. టీ చల్లారేలోగా వాడు ఒప్పేసుకుంటాడు. పిల్లి ఆవులిస్తుంది. సమాప్తం!

ఇంత శుభ్రమైన నేరం, ఇంత మర్యాదైన న్యాయం మన వైపు ఎక్కడ దొరుకుతాయి చెప్పండి?

నాకు ఈ భాగ్యం ఎలా పట్టిందో కూడా చెప్పాలి. నేను పెళ్లి పత్రికలు అచ్చు వేస్తాను. షాపు రైల్వే స్టేషన్‌కు దగ్గరలో, ఒక లాడ్జి కింద. లాడ్జి మేనేజరు మురుగేష్ నా స్నేహితుడు. కొండకు వచ్చిన యాత్రికులు గదుల్లో రకరకాల వస్తువులు మరిచిపోతారు. తువ్వాళ్లు, చార్జర్లు, ఒంటి చెప్పులు. ఒకసారి ఎవరో ఒక సంచి నిండా ఇంగ్లిషు పుస్తకాలు మరిచిపోయారు. అన్నిటి మీదా పిల్లులే. కొన్నాళ్లు చూసి, ఎవరూ రాకపోతే మురుగేష్ వాటిని తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

“పత్రికలు ప్యాక్ చేసేదానికి పనికొస్తాయి అన్నా, పెట్టుకో” అన్నాడు.

ప్యాక్ చేసే ముందు ఒక పేజీ చదివాను. ఆ రోజు ఇవ్వాల్సిన పత్రికలు ఇవ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. పెళ్లికూతురి తండ్రి వచ్చి షాపు ముందు కూర్చుంటే, ఆయన్ని చూసి 'ఈయనకు ఎవరినైనా చంపాల్సిన అవసరం ఉంటుందా?' అని ఆలోచించాను. నన్ను చంపాల్సిన అవసరం ఉందని నాకు తట్టలేదు.

అదీ చదువంటే! మనిషి చూపు పదునెక్కిపోతుంది. ఒక రోజు భోజనం చేస్తూ, “సాంబారులో బాదం వాసన వస్తోందేమిటి?” అని అనుమానంగా అడిగాను. విషానికి ఆ వాసనే ఉంటుందని నా చదువు.

మా ఆవిడ ప్రసూనాంబ గరిటె పట్టుకుని నిలబడింది. “బాదం కిలో ఎంతో తెల్సునా నీకు? నేను సాంబార్లో యేస్తానా? తింటే తిను, లేదంటే లెయ్.”

నవలల్లో కూడా అమాయకులు మొదట ఇలాగే కోప్పడతారు. గమనించాను.

డిటెక్టివ్‌కు కావలసిన మిగతా సరంజామా కూడా మా ఇంట్లో ఉంది. ఒక పిల్లి. బూడిద రంగు చారలు, ఒక చెవి చిరిగి ఉంటుంది, కాపురం మా ప్రహరీ గోడ మీద. మా అమ్మాయి జాహ్నవి రోజూ దానికి పెరుగన్నం పెడుతుంది. జాహ్నవి ఊళ్లోనే ఒక స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్. నేను ఆ పిల్లికి నవలల పద్ధతిలో 'మఫిన్' అని ఒక కేకు పేరు పెట్టాను. మా ఆవిడ 'పీడ' అని పెట్టింది. అది రెండింటికీ పలకదు.

ఇక కేసుకు వద్దాం.

జాహ్నవికి ఇరవై ఆరు నిండగానే ప్రసూనాంబ పాకాల నుంచి మునస్వామిని పిలిపించింది. మునస్వామి పెళ్లిళ్ల పేరయ్య. తిరుపతి నుంచి కాట్పాడి దాకా ఏ స్టేషన్లో దిగితే ఎన్ని సంబంధాలున్నాయో ఆయనకు తెలుసు. పిలిచిందే తడవుగా చిత్తూరు సంబంధం తెచ్చాడు. అబ్బాయి బ్యాంకు ఉద్యోగి.

వాళ్లు వచ్చే ముందు రోజు జాహ్నవి నా దగ్గరికి వచ్చింది. “నాయనా, నాకు ఇప్పుడు వద్దు” అంది.

నేను అప్పుడు ఎంత ఇరకాటంలో ఉన్నానో మీరు అర్థం చేసుకోవాలి. బేకరీ ఆవిడ నేలమాళిగలో చిక్కుకుని ఉంది. బయట ఎవరో తాళం వేస్తున్నారు. పిల్లి తప్ప దిక్కులేదు. అలాంటి ఘట్టంలో తలెత్తడం ఎవరి తరం? “సరేలేమ్మా, తర్వాత మాట్లాడదాం” అన్నాను. బేకరీ ఆవిడ బయటపడే సరికి జాహ్నవి వెళ్లిపోయింది.

మర్నాడు చిత్తూరు వాళ్లు కారు దిగారు. గేటు తీశారు. సరిగ్గా అప్పుడే మఫిన్ ఈ గోడ మీది నుంచి దూకి, వాళ్ల ముందు నుంచి ఆ గోడ వైపు నడుచుకుంటూ పోయింది. పరుగెత్తలేదు. నడిచింది. పెళ్లికొడుకు తల్లి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. అందరూ వెనక్కి వెళ్లి కార్లో కూర్చున్నారు. సీసాల్లో నీళ్లు తాగారు. మళ్లీ వచ్చారు కానీ వాళ్ల మొహాలు రాలేదు. బజ్జీలు తిన్నారు, కేసరి ముట్టలేదు. సాయంత్రానికి ఫోన్. మనసు ఒప్పలేదట.

మిగిలిన కేసరి తింటూ, ఇది కాకతాళీయం అనుకున్నాను. నవలల్లో మొదటి హత్యను ఎవరూ హత్య అనుకోరు.

రెండో సంబంధం నగరి నుంచి. పవర్‌లూమ్‌లు ఉన్న కుటుంబం. ఈసారి మా ఆవిడ పొద్దున్నే గేటు దగ్గర కర్ర పట్టుకుని కాపలా కాసింది. వాళ్లు క్షేమంగా గేటు దాటారు. వాకిలి దాకా వచ్చారు. ముందుగా వాళ్ల అవ్వ కుడికాలు గడప మీద పెట్టబోతుంటే, ఇంట్లో నుంచి బయటికి, ఆవిడ కాళ్ల మధ్య నుంచే పోయింది మఫిన్!

“శివ శివా!” అని అవ్వ గడప ముందే కూలబడింది. ఆవిడను లేపి కారెక్కించేసరికి మాకు చెమటలు పట్టాయి. కేసరి మళ్లీ నాకే మిగిలింది.

మూడోసారి మునస్వామి జాగ్రత్తపడ్డాడు. “మీ ఇల్లు వద్దు సార్. కాణిపాకంలో, స్వామి ఎదురుంగా చూసుకుందాం. ఆడ పిల్లి యాడిది?” అన్నాడు. బాగానే ఉందనిపించింది. కారు మాట్లాడాం. మంచి ఘడియ చూసి బయల్దేరాం. జాహ్నవి, ఫోన్ మరిచిపోయానంటూ ఇంట్లోకి వెళ్లి వచ్చి కూర్చుంది. డ్రైవరు తాళం తిప్పాడు. కారు ముందు నుంచి మఫిన్ తోక ఎత్తుకుని, ఊరేగింపులా సాగిపోయింది.

ఈసారి ఆగింది మేమే. ప్రసూనాంబ దిగి, ఇంట్లోకి వెళ్లి, కూర్చుని, నీళ్లు తాగి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మళ్లీ వచ్చేసరికి మంచి ఘడియ కాస్తా పోయింది. చెడు ఘడియలో బయల్దేరడం కంటే మానుకోవడం మేలంది. అవతలివాళ్లు కాణిపాకంలో మా కోసం చూసి చూసి, స్వామికి దణ్ణం పెట్టుకుని ఇంటికి పోయారు.

మూడుసార్లు! మామూలు పాఠకుడు దీన్ని ఖర్మ అంటాడు. పిల్లి నవలల పాఠకుడు మాత్రం దీని వెనక ఒక చెయ్యి ఉందని గ్రహిస్తాడు. పిల్లి గేటు దగ్గరికి, గడప దగ్గరికి, కారు దగ్గరికి సరిగ్గా ముహూర్తానికి ఎలా వస్తుంది? దానికి పంచాంగం తెలుసా? ఎవరో దాన్ని వదులుతున్నారు!

ఎవరు? పక్కింటి చంద్రకాంతమ్మ. నాకు క్షణం కూడా పట్టలేదు. ఆవిడ ఒకప్పుడు తన తమ్ముడి కొడుక్కి జాహ్నవిని అడిగింది. మేం కుదరదన్నాం. ఇంతకంటే బలమైన కారణం ఏ నవలలో ఉంది?

ఇక సాక్ష్యాలు కావాలి. ఒక మధ్యాహ్నం మఫిన్ వెనకాలే బయల్దేరాను. అది గోడ ఎక్కింది. నేనూ ఎక్కాను. అది అవతలికి దూకింది. నేనూ దూకాను, కానీ అదెలా దూకిందో అలా కాదు. చంద్రకాంతమ్మ పెరట్లో మునగచెట్టు కింద మోకాళ్ల మీద పడి లేచేసరికి, నా చేతి కింద ఎండుచేపల తలకాయలు తగిలాయి. ఆహా! ఎర!

“ఏమన్నా, ఈడేం జేస్తావుండావు?” అని వినబడింది.

తలెత్తితే చంద్రకాంతమ్మ, చేతిలో ఉతికిన బట్టల బకెట్టుతో నిలబడి ఉంది. బేకరీ ఆవిడ ఇలాంటి చోట ఏదో ఒక చురుకైన అబద్ధం చెప్పి తప్పించుకుంటుంది. నాకు ఇంగ్లిషులో గుర్తొచ్చింది కానీ తెలుగులో రాలేదు.

“మునక్కాయలు కోద్దామని” అన్నాను.

“ఇప్పుడు పూత గూడా రాలేదే!” అని ఆవిడ చెట్టు వంకా, నా వంకా చూసింది. ఆ చూపులో నేరం స్పష్టంగా కనిపించింది. ఎవరిదో అప్పుడు సరిగా పోల్చుకోలేకపోయాను.

మరుసటి ఆదివారం సాయంత్రం మా హాల్లో చివరి అధ్యాయం ఏర్పాటు చేశాను. మదనపల్లె సంబంధం గురించి మాట్లాడటానికి మునస్వామి వచ్చాడు. చంద్రకాంతమ్మను కాఫీకి పిలిపించాను. ప్రసూనాంబ ఎందుకో ఏమిటో తెలియక కుర్చీ అంచున కూర్చుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీ వైపు తిరిగి, కాసేపు ఆగి, గిర్రున ఇటు తిరిగాను.

“నేరస్తులు ఈ గదిలోనే ఉన్నారు!”

మునస్వామి ఉలిక్కిపడి కుర్చీ కింద చూసుకున్నాడు.

తర్వాత నేను చేసిన ఉపన్యాసం పూర్తిగా రాయను. మూడు సంబంధాలు, ఎండుచేపల తలకాయలు, తమ్ముడి కొడుకు, అన్నీ వరసగా పేర్చి, చివరికి వేలు చంద్రకాంతమ్మ వైపు చాపాను.

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది. “పిల్లికి కరవాడు తలకాయ యేస్తే నేరమా అన్నా? మా తమ్ముని కొడుకు పెండ్లయి ఇద్దరు బిడ్లుండారు. ఆ పత్రికలు అచ్చేసింది గూడా నువ్వే గదా!”

అవును. నేనే. రాయితీ కూడా ఇచ్చాను. నా వేలు ఇంకా చాపే ఉంది. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక నిలబడ్డాను.

“అత్తను ఏమీ అనొద్దు నాయనా” అని వంటింటి గుమ్మం దగ్గర నుంచి వినిపించింది. జాహ్నవి కాఫీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. “పిల్లిని వదిలింది నేను.”

“నువ్వా!” అంది ప్రసూనాంబ.

“మొదటిసారి నేను గాదమ్మా. చిత్తూరోళ్లు వచ్చినప్పుడు దానంతట అదే పోయింది. నేను కిటికీలో నుంచి చూస్తా ఉండినాను. నెల రోజుల్నుంచి వద్దు వద్దని నేను మొత్తుకుంటే నా మాట ఒక్కరూ ఇనలా. అది నోరు గూడా తెరవలా. ఈ గోడ కాడి నుంచి ఆ గోడ కాడికి నడిచింది, అంతే. కార్లో వచ్చినోళ్లంతా వెనక్కి పోయినారు.” ట్రే బల్ల మీద పెట్టింది. “సరే, ఈ ఇంట్లో మాట చెల్లేది దానికే గదా, దాని చేతనే చెప్పిద్దామనుకున్నాను. నగరివోళ్లు వచ్చిన పొద్దు బాత్రూమ్‌లో దాచిపెట్టుంటి. కాణిపాకం పొద్దు ఫోన్ కోసమని పోయి వదిలినాను.”

మునస్వామి గొంతు తగ్గించాడు. “ఎవురన్నా ఉండారా తల్లీ? చెప్పు, మాట్లాడదాం.”

“ఎవురూ లేరు. ఉంటే బాగుండు, మీకు ఒక కారణం దొరికేది. మంచి ఉద్యోగం, నాకు ఇష్టం. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండాను. పెండ్లి ఎప్పటికీ వద్దనలేదు. ఇప్పుడు వద్దన్నాను. కావాలన్న పొద్దు నేనే చెప్తాను. నాకు వద్దనేది కారణం గాదా?”

ఆఖరి మాట నా వైపు చూసి అడిగింది. ఇన్ని నవలలు చదివాను కదా, చివరి పేజీలో ఏదో ఒకటి చెప్పాలి. నాకు గుర్తొచ్చింది ఒక్కటే. నేలమాళిగ తాళం గురించి అంత ఆత్రపడిన సాయంత్రం, నా ముందు నిలబడి వెళ్లిపోయిన పిల్ల మొహం నేను అసలు చూడనే లేదు.

“కారణమే తల్లీ” అన్నాను.

ఇక్కడితో ఆగితే నేను చాలా గొప్ప తండ్రిగా మిగిలేవాణ్ణి. కానీ నిజం చెప్పడానికి కూర్చున్నాను కదా.

చంద్రకాంతమ్మ కాఫీ తాగి, జాహ్నవి భుజం తట్టి, నన్ను ఒక్క మాటా అనకుండా వెళ్లింది. అనేసి ఉంటే తేలికగా ఉండేది. నేను మునస్వామిని గేటు దాకా సాగనంపాను. “మదనపల్లె వాళ్లకు వద్దని చెప్పెయ్” అన్నాను.

“ఏమని చెప్పాల సార్?”

“అమ్మాయికి ఇష్టం లేదని చెప్పు.”

ఆయన నవ్వాడు. “అది యాడన్నా కారణమా సార్? వాళ్లు నమ్మల్ల గదా. ఏందో దాస్తా ఉండారనుకుంటారు.”

“ఉన్నమాట అదే మునస్వామీ. ఆ పిల్ల వద్దంది. నేను సరేనన్నాను.”

ఆయన తల గోక్కుని, గోడ మీద ఎండకు పడుకున్న మఫిన్‌ను చూసి, ముఖం వికసించి వెళ్లిపోయాడు. నేను గట్టిగా నిలబడ్డానని ఛాతీ విరుచుకుని లోపలికొచ్చాను.

రెండు రోజుల్లో బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. ఇంటికి పిల్లి దోషం పట్టిందని విన్నామని పరామర్శ. ఒకాయన శాంతి చేయించమన్నాడు. ఒకావిడ గుమ్మానికి నిమ్మకాయలు కట్టమంది. మదనపల్లె వాళ్లయితే స్వయంగా ఫోన్ చేసి, పిల్లి అంతగా వద్దంటుంటే ముందుకు పోవడం ఎవరికీ మంచిది కాదని, మా నిర్ణయాన్ని ఎంతో గౌరవంగా అర్థం చేసుకున్నారు. మునస్వామి వృత్తిలో సమర్థుడు.

నేను ఖండించానా? ఒక్కరి దగ్గరా ఖండించలేదు. 'పిల్లి' అంటే జనం తలూపి ఫోన్ పెట్టేస్తున్నారు. 'అమ్మాయి వద్దంది' అన్న ఒకటి రెండుసార్లు మాత్రం అరగంట సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. చేతిలో నవల సగంలో ఉన్న మనిషికి అంత తీరిక ఎక్కడిది?

అందుకే పాఠకులారా, చేతులెత్తి చెబుతున్నాను. ఈ నవలలు చదవండి. పిల్లిని కూడా పెంచండి. మీ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే తప్పనిసరిగా పెంచండి. ఆ పిల్ల బీఎస్సీ చదివినా, మనుషుల ఎముకల్లో ఏముందో ఫోటో తీసి చూపించగలిగినా, ఆమె వద్దంటే మనకు వినబడదు. చదువు సంధ్యలు లేని ఒక వీధి జంతువు వద్దంటే మూడు ఊళ్ల వాళ్లకు ఒకేసారి అర్థమవుతుంది. ఆమెను నేరుగా అడిగి, చెప్పింది వింటే సరిపోదా అంటారా? అంత కొత్త పద్ధతులు మా వల్ల అవుతాయా?

ఇక ఒక్క విషయం మిగిలిపోయింది. నిన్న సాయంత్రం షాపు నుంచి ఇంటికి వచ్చేసరికి ప్రసూనాంబ గోడ దగ్గర నిలబడి ఉంది. ఇన్నాళ్లూ పీడ అని తరిమిన పిల్లికి గిన్నెలో పాలు పోస్తోంది. అది తాగుతుంటే వీపు నిమురుతోంది కూడా.

“ఏమిటి ఈ మార్పు?” అని అడిగాను.

ఆమె నా వైపు తిరగలేదు.

“ఆ పొద్దు నన్ను చూసేదానికి మీరంతా వచ్చినప్పుడు” అంది, “మా వీధిలో ఒక్క పిల్లి గూడా లేకపాయె.”

పాలు అయిపోయాయి. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. ఈ కేసు దర్యాప్తు చేసే ధైర్యం మాత్రం నాకు లేదు.